మానసిక వైద్యం మందులు: విశాఖలో ఎక్కడ, ఏవి, ఎవరి చేతిలో

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డ రోజున మా తమ్ముడి డబ్బాలో రెండు రోజుల మాత్రలే ఉన్నాయి. సోమవారం కొందాంలే అనుకున్నాం. సోమవారానికి కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు, రోడ్లకి అడ్డంగా చెట్లు. ఊరంతా పాల ప్యాకెట్లకీ కొవ్వొత్తులకీ తిరుగుతుంటే నేను వాడి మందు లిథియం కోసం తిరిగాను. తెరిచిన ఒకటీ అరా షాపుల్లో జ్వరం మాత్రలున్నాయి గానీ అది లేదు. శుక్రవారం దొరికింది. అప్పటికి వాడు మూడు రాత్రులుగా నిద్రపోలేదు. ఊరిని తనే బాగుచేస్తానని పలుగు పట్టుకుని వీధివీధీ తిరుగుతున్నాడు. చూసినవాళ్ళు పాపం సేవ చేస్తున్నాడు అనుకున్నారు. ఆ దీపావళికి వాడు ఆసుపత్రిలో ఉన్నాడు.

అప్పటినుంచి వాడి మందుల లెక్క నాది. నేను డాక్టర్ని కాను, బైపోలార్ (కొన్నాళ్ళు పట్టరాని హుషారు, కొన్నాళ్ళు కుంగుబాటు వచ్చే జబ్బు) ఉన్నవాడికి అక్కని. తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి "ఏ మందు మంచిదండీ?" అని అడుగుతుంటారు. ఏ మందు అన్నది సైకియాట్రిస్టు తేల్చాలి. ఇంటివాళ్ళు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఎక్కడ చూపించుకోవాలి, రోజూ మాత్రలా నెలకో ఇంజెక్షనా, కంపెనీ మందా జనరిక్కా (అదే మందు, పెద్ద కంపెనీ పేరు లేకుండా చవగ్గా వచ్చేది), డబ్బా ఎవరి దగ్గర ఉండాలి. వీటిలో ఏది ఎంచుకున్నా నేను చూసేది ఒకటే: ఇల్లంతా తలకిందులైన వారంలో కూడా ఆ ఏర్పాటు నడుస్తుందా, లేదా.

ఎక్కడ చూపించుకోవాలి

ముందు ఒక మాట. మనవాళ్ళు టెన్షన్ అన్నా, నిద్ర పట్టలేదన్నా, చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా నరాల డాక్టరు దగ్గరికి పరుగెడతారు. ఇవి సైకియాట్రిస్టు చూడాల్సినవి. సైకాలజిస్టు మాట్లాడి చేసే వైద్యం చేస్తారు, మందులు రాయరు. చాలామందికి ఇద్దరూ కావాలి.

చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు మన ఊళ్ళో ఒక ఎకసెక్కం. "వీణ్ణి చినవాల్తేరులో వెయ్యాలి" అని నవ్వుకుంటూ పెరిగినవాళ్ళం. అందుకే ఆ గేటు దాటడానికి మా అమ్మకి రెండేళ్ళు పట్టింది. లోపలికి వెళ్ళాక తెలిసింది, శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చే మామూలు కుటుంబాలే అక్కడ బెంచీల మీద ఉంటాయని. ఓపీలో చూపించుకోవడానికి డబ్బు అక్కర్లేదు, స్టాకులో ఉన్న మందులు ఉచితంగా ఇస్తారు, పరిస్థితి చెయ్యిదాటితే చేర్చుకునే వార్డు అక్కడే ఉంది. ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధం కాబట్టి చూసే డాక్టర్లకీ కొరత ఉండదు. ఇబ్బంది కూడా అక్కడే. ఈసారి చూసిన డాక్టరు వచ్చేసారి ఉండకపోవచ్చు, మన కథ మొదటినుంచి చెప్పుకోవాలి. ఒక పూట పనీ కూలీ పోతుంది.

ప్రైవేటుకి వెళితే ఒకే డాక్టరు ఏళ్ళ తరబడి చూస్తారు. మహారాణిపేట, రామ్‌నగర్ వైపు క్లినిక్కులకి కొదవ లేదు, సాయంత్రం పని అయ్యాక వెళ్ళొచ్చు. మనిషి మొహం చూసి "పోయిన నెల కన్నా మాట వేగం పెరిగిందే" అని పట్టుకునే డాక్టరు దొరికితే ఆ ఫీజు దండగ కాదు. కానీ లెక్క వేసేటప్పుడు ఫీజొక్కటే వేసుకుంటే పొరపాటు. మందులు, రక్త పరీక్షలు, ఆటో, సెలవు పెట్టిన రోజు జీతం కలిపి పన్నెండు నెలలకి వేసుకోండి. మొదటి మూడు నెలలు గొప్పగా ఖర్చుపెట్టి నాలుగో నెల నుంచి "బాగానే ఉన్నాడుగా" అని మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. అలాంటి ఇంటికి మొదటి రోజునుంచీ చినవాల్తేరే మేలు.

థైరాయిడో కిడ్నీయో గర్భమో కలిసి ఉంటే పెద్దాసుపత్రి, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), సుఖం. ఆ డిపార్ట్‌మెంట్లన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి.

ఇక ఫోను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416. డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. అర్ధరాత్రి ఇంట్లో మనిషి చచ్చిపోతానంటున్నప్పుడు, అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళాలా వద్దా అని తేలనప్పుడు చేయాల్సిన నంబరు అది. మాత్రలు గుప్పెడు మింగేసినా, చెయ్యి కోసుకున్నా మాత్రం ఫోన్లో మాటలు వద్దు, 108కి చెయ్యండి.

మేం ఇప్పుడు చేస్తున్నది కలగలుపు. మూడు నెలలకోసారి ప్రైవేటు డాక్టరు, రక్త పరీక్షలు కేజీహెచ్‌లో. ఇలా చేస్తే ఒక జాగ్రత్త తప్పదు: మందు మార్చే అధికారం ఒక్కరికే. ఇద్దరు డాక్టర్లు ఒకరికి తెలియకుండా ఒకరు రాస్తే ఒకే మందు రెండు పేర్లతో కడుపులోకి పోతుంది. పాత చీటీలన్నీ ఒకే ఫైల్లో పెట్టి ఎక్కడికి వెళ్ళినా చంకలో పెట్టుకుపోవాలి.

ఏ మందైనా దానికో ఇంటిపని ఉంటుంది

మందు డాక్టరు ఎంచుతారన్నాను. కానీ ఒకటికి రెండు దారులున్నప్పుడు మంచి డాక్టరు "మీకేది కుదురుతుంది?" అని అడుగుతారు. అప్పుడు నోరు వెళ్ళబెట్టకుండా ఉండాలంటే ఒక్కో మందు మన ఇంట్లో ఏం పని పెడుతుందో తెలిసి ఉండాలి.

లిథియం సంగతి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన ఊరి ఎండకీ దానికీ పడదు. రక్తంలో అది సాధారణంగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. తగ్గితే పని చేయదు, 1.5 దాటితే విషం. పనికీ విషానికీ మధ్య దూరం ఇంత తక్కువ ఉన్న మందులు అరుదు. చెమట పట్టి ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పోనివ్వవు, మోతాదు పెంచకుండానే రక్తంలో పెరిగిపోతుంది. మే నెల ఉక్కపోత, విరేచనాలు, రెండు రోజుల జ్వరం, నిర్జల ఏకాదశి, బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేయడం, అన్నీ ఒకటే. ఒక ఆషాఢ పౌర్ణమికి మావాడు సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానన్నాడు. ముప్పై రెండు కిలోమీటర్లు. డాక్టర్ని అడిగితే వెళ్ళమన్నారు గానీ దారి పొడవునా నీళ్ళూ ఓఆర్ఎస్సూ తాగాలనీ, వాంతయితే అక్కడితో ఆపి ఆసుపత్రికి రావాలనీ చెప్పారు. కొంత దూరం నడిచి హనుమంతవాక దగ్గర ఆటో ఎక్కాడు, అప్పన్న ఏమీ అనుకోలేదు.

ఒళ్ళునొప్పులకి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా లిథియాన్ని పెంచుతాయి. పారాసిటమాల్‌తో ఆ భయం లేదు. బీపీకి ఇంటింటా వాడే టెల్మిసార్టాన్ కూడా పెంచేదే. కాబట్టి బీపీ డాక్టరుకి లిథియం సంగతి, లిథియం డాక్టరుకి బీపీ సంగతి తప్పక చెప్పాలి. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్త పరీక్ష చివరి మాత్ర వేసిన పన్నెండు గంటలకి ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి వేస్తే పొద్దున తొమ్మిదికి, ఆ పూట మాత్ర వేయకముందే. దీంతోపాటు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి. ఇంత చాకిరీ ఎందుకంటారా? వాడికి ఇది పనిచేసినట్టు ఇంకేదీ చేయలేదు. పైగా ఆత్మహత్యలని తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న కొద్ది మందుల్లో ఇదొకటి.

బైపోలార్‌కే ఇచ్చే ఇంకో మందు వాల్‌ప్రొయేట్‌కి ఇంత కాపలా అక్కర్లేదు. కానీ పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకి రాస్తుంటే అక్కడే ఆగి అడగండి. గర్భంలో ఉండగా వాడితే పదిమంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతో లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. "అమ్మాయికి పెళ్ళి చూస్తున్నాం" అన్న మాట డాక్టరు ముందు దాచే ఇళ్ళున్నాయి. దాచకూడని మాట అదే. అలాగని ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఇది చదివి రేపే ఆపేయకూడదు, డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి.

భ్రమలకీ పట్టరాని ఉద్రేకానికీ ఇచ్చే ఒలాంజపిన్ త్వరగా పనిచేస్తుంది, నిద్ర పట్టిస్తుంది, ఆకలి మాత్రం ఆకాశానికి ఎత్తుతుంది. రాత్రి పదకొండుకి లేచి చద్దన్నం తినే మనిషిని తిట్టి లాభం లేదు, అది మందు ఆకలి. మొదలుపెట్టేముందే బరువు, నడుము చుట్టుకొలత, పరగడుపు షుగరు రాసుకోండి, మూడు నెలలకి మళ్ళీ చూడండి. ఇంట్లో షుగరు వంశం ఉంటే ముందే చెప్పి వేరే మందు కుదురుతుందా అని అడగండి. అదే కోవకి చెందిన రిస్పెరిడోన్‌తో కొందరు ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోతుంది, సిగ్గుపడి చెప్పరు, తర్వాత మందే మానేస్తారు. ఏ మందూ పనిచేయనప్పుడు ఇచ్చే క్లోజపిన్‌కి మొదటి 18 వారాలు వారం వారం రక్త పరీక్ష కావాలి, తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కనుక. క్లోజపిన్ మాత్రలు రెండు రోజులు దాటి తప్పిపోతే పాత మోతాదుతో మళ్ళీ మొదలెట్టకూడదు, డాక్టరు కింది నుంచి పెంచుకురావాలి. ల్యాబ్ దగ్గరలో లేని ఏజెన్సీ ఊరివాళ్ళు ఇది ఒప్పుకునే ముందు ప్రతి వారం ప్రయాణం గురించి మాట్లాడుకోవాలి.

డిప్రెషన్ మందుల గురించి ఒక్కటే. ఎస్‌సిటలోప్రామ్ లాంటివి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వికారం లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారమే వస్తాయి. కష్టం ముందు, సుఖం తర్వాత. ఇది తెలియక పదో రోజున ఆపేసి "నాకు పడలేదు" అనేవాళ్ళే ఎక్కువ.

మాత్రా, ఇంజెక్షనా

లిథియానికి ఇంజెక్షన్ లేదు కాబట్టి మా ఇంట్లో ఈ ప్రశ్న రాలేదు. మా పెద్దమ్మ కూతురికి వచ్చింది. ఆమెది అనకాపల్లి. జబ్బు స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు. మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసేది. రోజూ రెండు పూటలా యుద్ధం. ఫ్లూఫెనజిన్ ఇంజెక్షన్ రెండు మూడు వారాలకోసారి వేయించడం మొదలెట్టాక ఆ ఇంట్లో మళ్ళీ వేరే మాటలు వినపడ్డాయి, కూరేం చేద్దాం, టీవీలో ఏం వస్తోంది లాంటివి. అది పాత మందు, చవక. నెలకోసారి వేసే పాలిపెరిడోన్‌తో ఒళ్ళు బిగుసుకోవడం తక్కువంటారు, ధర మాత్రం చాలా ఎక్కువ.

ఇంజెక్షన్‌కి ఎదురు మాట కూడా వినాలి. ఒకసారి కండరంలోకి వెళ్ళాక వెనక్కి తీయలేం. పడకపోతే వారాల పాటు అనుభవించాల్సిందే. అందుకే అదే మందు మాత్రగా ముందు వాడి చూస్తారు, లేదా తక్కువ మోతాదు వేసి చూస్తారు. మనిషి ఒప్పుకుని వేయించుకుంటే అది సౌకర్యం. నలుగురు పట్టుకుని వేయిస్తే అది భయంగానే మిగులుతుంది, ఆ తర్వాత ఆసుపత్రి పేరెత్తనివ్వరు. మా చెల్లెలు ఒప్పుకోవడానికి కారణం రోజూ గుర్తుచేసే గొడవ ఉండదనే.

షిఫ్టు డ్యూటీ వాళ్ళకి ఇదే ఇంకో రకంగా వస్తుంది. గాజువాక వైపు ఏ, బీ, సీ షిఫ్టుల ఇళ్ళు లెక్కలేనన్ని. రాత్రి మాత్ర అంటే సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, వారంలో ఎప్పుడు? డ్యూటీకి వెళ్ళేముందు మత్తు మాత్ర వేసుకుని మెషీన్ దగ్గర నిలబడకూడదు. బైపోలార్ ఉన్నవాళ్ళకైతే నిద్ర చెడటమే జబ్బు తిరగబెట్టడానికి నాంది కావచ్చు. మావాడు చివరికి డాక్టరు సర్టిఫికెట్ పెట్టి జనరల్ షిఫ్టు అడిగాడు. కారణం చెప్పడానికి నామోషీ పడ్డాడు, కానీ అడిగాడు.

కంపెనీ మందా, జనరిక్కా

జన ఔషధి కేంద్రాల్లో ధరలు కంపెనీ మందు కన్నా 50 నుంచి 90 శాతం తక్కువ. డిప్రెషన్, స్కిజోఫ్రెనియా మందుల్లో చాలావాటికి జనరిక్ మీద నాకు అభ్యంతరం లేదు. లిథియం మాత్రం ఒక కంపెనీ మీద నిలబడమంటాను. మామూలు మాత్రకీ ఎస్‌ఆర్ అని రాసి ఉండే నెమ్మదిగా కరిగే మాత్రకీ రక్తంలో లెవెల్ తేడాగా వస్తుంది. షాపువాడు "అదే మందమ్మా, వేరే కంపెనీ" అని ఇస్తే తీసుకోకండి, తప్పక మార్చాల్సివస్తే లెవెల్ మళ్ళీ చూపించుకోండి. ఎస్‌ఆర్ మాత్ర నమలకూడదు, నూరకూడదు.

ఇంకో చిన్న సంగతి. మాత్ర రంగు మారితే అనుమానం జబ్బు ఉన్న మనిషి "ఇది నా మందు కాదు, ఏదో కలిపారు" అంటారు. కొత్త స్ట్రిప్ తెచ్చినప్పుడు పాతదాని పక్కన పెట్టి పేరు చదివి చూపించాలి.

నిద్ర మాత్రల దగ్గర చవకా ఖరీదూ కాదు చూడాల్సింది. అల్‌ప్రాజోలం, జోల్పిడెమ్ షెడ్యూల్ హెచ్1 మందులు, అమ్మినప్పుడు షాపువాళ్ళు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలి. చీటీ లేకుండా ఇచ్చే షాపు మీకు మేలు చేస్తున్నట్టు కాదు. ఎస్‌సిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిపిన ఒకే మాత్ర మన దగ్గర విరివిగా రాస్తారు. నాకది నచ్చదు. మొదటిది నెలల తరబడి వాడాలి, రెండోది కొద్ది వారాల్లో తగ్గించుకోవాలి. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకదాన్ని ఎలా తగ్గిస్తారు? విడివిడిగా రాయమని అడగొచ్చు.

డబ్బా ఎవరి చేతిలో

ఇక్కడ మా ఇంటి తప్పు చెప్పాలి. మొదట్లో వాడు మాత్రలు మానేస్తున్నాడని అమ్మ నూరి పెరుగన్నంలో కలిపింది. నాలుగు నెలలు నడిచింది. ఒకరోజు కంచంలో చేదు తగిలి వాడు అమ్మ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. తర్వాత ఏడాది పాటు ఇంట్లో అన్నం తినలేదు, హోటల్లో తినొచ్చేవాడు. చాటుగా పెట్టడం వల్ల దొరికిన నాలుగు నెలలకి మేం చెల్లించింది అది. ఇంకెవరూ చెయ్యొద్దు. నూరకూడని మాత్రలు కూడా ఉన్నాయి, ఆ సంగతి అప్పుడు మాకు తెలియనే తెలియదు.

మనిషి నిలకడగా ఉన్నప్పుడు డబ్బా ఆ మనిషి దగ్గరే ఉండాలని నా పక్షం. ఏడు రోజుల గళ్ళ డబ్బా మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఆదివారం సాయంత్రం వాడే నింపుకుంటాడు, నేను బుధవారం ఒకసారి చూస్తాను. మిగిలి ఉంటే "ఎందుకు వేసుకోలేదు?" అనను, "మంగళవారం ఏమైందిరా?" అంటాను. మొదటిదానికి అబద్ధం వస్తుంది, రెండోదానికి సంగతి వస్తుంది. ఒకపూట తప్పితే మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదని డబ్బా మూత మీద రాసిపెట్టాం.

చచ్చిపోవాలన్న మాట నోట వచ్చిన ఇంట్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు డబ్బా ఇంటివాళ్ళ దగ్గర, తాళంలో, రోజుకి ఆ రోజు మాత్రలే చేతికి. లిథియం ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు. హుద్‌హుద్ నేర్పిన పాఠం రెండు వారాల నిల్వ ఉంచుకోమంటుంది, ఈ భయం నిల్వే వద్దంటుంది. రెండూ నిజమే. మేం నిల్వని మా ఇంట్లో, గోపాలపట్నంలో పెట్టాం, వాడుండేది గాజువాకలో. అందరికీ రెండిళ్ళు ఉండవు, పక్క వీధి బంధువో నమ్మకమైన స్నేహితుడో చాలు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం అన్న మాట వినపడగానే నిల్వ లెక్క చూస్తాను.

బాగున్న రోజుల్లోనే చేయాల్సిన పని ఇంకోటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తన వైద్యం సంగతి తనే తేల్చుకోలేని సమయంలో తన తరఫున ఎవరు నిలబడాలో మనిషి ముందే రాసుకోవచ్చు. సాదా కాగితం చాలు, సంతకమో వేలిముద్రో. మావాడు నా పేరు రాశాడు, అమ్మ పేరు కాదు. అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు. పెరుగన్నం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆపాలా, కొనసాగించాలా

"ఏట్రా, ఇంకెన్నాళ్ళు మింగాల?" అని అమ్మ అడిగేది, వాడు కాదు. అడగడం తప్పు కాదు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళకి పూర్తిగా తేరుకున్నాక కనీసం ఆరు నెలలు వాడించి మెల్లగా తగ్గిస్తారు. మళ్ళీ మళ్ళీ వస్తే రెండేళ్ళు, ఆపైన. బైపోలార్‌కి, స్కిజోఫ్రెనియాకి లెక్క ఏళ్ళలో ఉంటుంది. ఆపడమంటే పెట్టె మూసేయడం కాదు. లిథియం కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలలు తీసుకుని తగ్గించాలి. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది. డిప్రెషన్ మందులు పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒక్కసారిగా ఆపితే తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపులు, కళ్ళు తిరగడం. అది జబ్బు కాదు, ఆపిన పద్ధతి.

మనవాళ్ళు మందు ఆపేది మూడు సందర్భాల్లో: పెళ్ళి చూపులు, అయ్యప్ప మాల, "ఒంటికి వేడి చేస్తోంది". మూడింటికీ ముందే ఒక అపాయింట్‌మెంట్ తీసుకోండి. మాల వేసుకుని మాత్రలు వేసుకోకూడదని ఏ గురుస్వామీ మాతో అనలేదు. మావాడు పోయిన కార్తీకంలో మాల వేసుకున్నాడు, ఇరుముడితో పాటు చేతి సంచీలో గళ్ళ డబ్బా, యాత్ర రోజులకి సరిపడా మాత్రలు, డాక్టరు చీటీ జిరాక్స్ పెట్టుకున్నాడు. నేను లెక్క చూస్తానంటే "నాలుగు ఎక్కువే ఉన్నాయక్కా, రైలు లేటయితే పనికొస్తాయి" అన్నాడు.